పేరు పోయిన డ్రమ్ము: ప్రమాదకర వ్యర్థాలకు లెక్క ఎందుకు తప్పకూడదు

1982 సెప్టెంబరులో ఇటలీ నుంచి 41 డ్రమ్ములు సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్లాయి. అంతకు ఆరేళ్ల ముందు, 1976 జులై 10న, ఇటలీలోని సెవెసో పట్టణం పక్కన ఒక రసాయన కర్మాగారంలో రియాక్టరు, అంటే రసాయనాలను కలిపి మార్చే పెద్ద పాత్ర, అదుపు తప్పింది. డయాక్సిన్ అనే ఘోరమైన విషం కలిసిన మేఘం చుట్టుపక్కల ఊళ్ల మీదికి పాకింది. ఆ రియాక్టరును శుభ్రం చేయగా మిగిలిన విషపు చెత్తే ఈ డ్రమ్ముల్లో ఉంది. అంతా కలిపి రెండు టన్నులకు కాస్త ఎక్కువ. సరిహద్దు దాటాక అవి ఎటు పోయాయో తెలియకుండా పోయింది. దేశాల మధ్య పెద్ద గొడవే జరిగింది. ఎనిమిది నెలల తరవాత, 1983 మే 19న, ఉత్తర ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో, మూతపడిన కబేళాలో అవి బయటపడ్డాయి. చివరికి 1985లో స్విట్జర్లాండ్‌లో వాటిని కాల్చేశారు.

ఆ ఎనిమిది నెలల ఆందోళనకు కారణం పేలుడు కాదు, లీకు కాదు. డ్రమ్ములు ఎక్కడున్నాయో, ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పే నమ్మకమైన కాగితం లేకపోవడమే కారణం. దేశాల మధ్య ప్రమాదకర వ్యర్థాల రవాణాకు యూరప్ 1984లో ఉమ్మడి నిబంధనలు పెట్టుకోవడానికి ఈ ఉదంతం గట్టిగా తోడ్పడింది.

చాలా సంస్థల్లో ప్రమాదకర వ్యర్థాల రిజిస్టరు అంటే తనిఖీ అధికారి వచ్చిన రోజు అల్మారాలోంచి తీసి చూపించే పుస్తకం. పని వేరు, కాగితం వేరు అనే ఆలోచన బాగా పాతుకుపోయింది. ఈ రంగంలో జరిగిన పెద్ద ప్రమాదాలను వరసగా చూస్తే మాత్రం దాదాపు ప్రతిదాంట్లోనూ ఒకే సంగతి కనిపిస్తుంది. వ్యర్థం విషం కావడం ఒక ఎత్తు, దాని పేరు దాని నుంచి విడిపోవడం ఇంకో ఎత్తు. పేరు ఉన్నంత వరకు ఎంత ఘోరమైన రసాయనాన్నయినా ఎలా పట్టుకోవాలో, దేనికి దూరంగా ఉంచాలో, ఎక్కడ కాల్చాలో తెలిసిన మనుషులు ఉంటారు. పేరు పోయాక అది ఎవరికీ అర్థం కాని ద్రవం. నమోదు అనే పని ఉన్నదే ఆ పేరును పుట్టిన చోటి నుంచి నాశనమయ్యే చోటి దాకా పట్టి ఉంచడానికి.

ఏది ప్రమాదకరం, ఎవరు తేల్చాలి

మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. "మాది కెమికల్ ఫ్యాక్టరీ కాదు కదా" అనే మాట చిన్న వ్యాపారాల నుంచి తరచూ వినిపిస్తుంది. కానీ బండ్లు బాగుచేసే గ్యారేజీలో వాడిన ఇంజిన్ ఆయిల్, పాత లెడ్ బ్యాటరీలు ఉంటాయి. ప్రింటింగ్ ప్రెస్సులో ఇంకు కడిగిన ద్రవం ఉంటుంది. పెయింటింగ్ షెడ్డులో థిన్నర్, డ్రై క్లీనింగ్ మెషీన్ అడుగున మిగిలే క్లోరిన్ ద్రావకపు బురద, మామూలు ఆఫీసులో పాదరసం ఉన్న ట్యూబ్‌లైట్లు, ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీలు, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వ్యాపారం ఎంత చిన్నదైనా, ఎంత శుభ్రమైనదైనా, తన దగ్గర ఏమేం పుడుతున్నాయో ఒకసారి గది గదీ తిరిగి చూసుకోకుండా "లేవు" అనడానికి వీల్లేదు.

తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి జాబితా. యూరోపియన్ యూనియన్‌లో ప్రతి వ్యర్థానికీ ఆరు అంకెల కోడ్ ఉంటుంది, ప్రమాదకరమైన దాని పక్కన నక్షత్రం గుర్తు (*) పెడతారు. లెడ్ బ్యాటరీలకు 16 06 01, ట్యూబ్‌లైట్లకు 20 01 21, రెండింటికీ ఆ నక్షత్రం ఉంటుంది. రెండోది గుణం చూసి చెప్పడం. మంట అంటుకుంటుందా, చర్మాన్నీ లోహాన్నీ తినేస్తుందా, నీరో గాలో వేడో తగిలితే ఉన్నట్టుండి రేగుతుందా, విషమా అన్నవి ప్రధానమైన ప్రశ్నలు. అమెరికా నిబంధనల్లో ఒక ద్రవం నుంచి 60 డిగ్రీల సెల్సియస్ లోపే మంట అంటుకునేంత ఆవిరి వస్తే అది మండే వ్యర్థం. నీటితో కూడిన ద్రవం పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 2 లేదా అంతకన్నా తక్కువ ఉన్నా, 12.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నా తినేసే గుణం ఉన్నట్టు లెక్క. యూరప్‌లో ఇలాంటి గుణాలు 15 దాకా ఉన్నాయి. అంకెలు దేశాన్ని బట్టి మారతాయి గానీ అడిగే ప్రశ్నలు ఒకటే.

తేల్చే బాధ్యత మాత్రం వ్యర్థం పుట్టించినవారిదే. తీసుకెళ్లే కాంట్రాక్టరుది కాదు, రసాయనం అమ్మిన కంపెనీది కాదు. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. రసాయనంతో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో 16 భాగాలుంటాయి. 13వ భాగం పారవేత గురించి, 14వ భాగం రవాణా గురించి. అది చూసి వ్యర్థానికి పేరు పెట్టేస్తారు. కానీ అది కొన్న సరుకు జాతకం. వాడాక మిగిలినదాని జాతకం వేరు. యంత్ర భాగాల జిడ్డు వదలగొట్టిన ద్రావకంలోకి సీసం, క్రోమియం లాంటి లోహాలు దిగి ఉండవచ్చు. కొన్నప్పుడు పెద్దగా హాని లేని ద్రవం వాడకం తరవాత విషపు జాబితాలోకి వెళ్లిపోవచ్చు. ఏ పనిలో పుట్టింది, అందులో ఏమేం కలిశాయి అన్నది ఆ పని చేసే మనిషికే తెలుస్తుంది. తెలియనప్పుడు శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా దాన్ని ప్రమాదకరంగానే చూడాలి.

డ్రమ్ము దగ్గర

అసలు కథ నడిచేది ఆఫీసులో కాదు, షెడ్డు మూలన ఉన్న డ్రమ్ము దగ్గర. అక్కడ జరిగే చిన్న పనులే తరవాతి కాగితాలన్నింటినీ నిజమో అబద్ధమో చేస్తాయి.

ఒక పెయింటింగ్ షెడ్డులో 200 లీటర్ల డ్రమ్మును ఊహించుకోండి. పైన గరాటు పెట్టి వదిలేశారు, ఎవరొచ్చినా వాడేసిన థిన్నర్ పోసి వెళ్లిపోవచ్చని. గరాటు పెట్టి ఉన్న డ్రమ్ము అంటే మూత తీసిన డ్రమ్మే. రోజంతా ఆవిరి బయటికి వస్తూ ఉంటుంది. థిన్నర్లలో ఎక్కువగా ఉండే టోలిన్ నాలుగైదు డిగ్రీల సెల్సియస్ దగ్గరే మంట అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న వెల్డింగు నిప్పురవ్వను అందుకోగలదు. పోసేటప్పుడు, తీసేటప్పుడు తప్ప మూత బిగించే ఉండాలన్న నిబంధన దాదాపు అన్ని దేశాల్లోనూ కనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ డ్రమ్ము పక్కభాగం చూడండి. ఎవరో మార్కర్ పెన్నుతో పేరు రాశారు. పోసిన ప్రతిసారీ కొన్ని చుక్కలు అంచు మీంచి కిందికి జారాయి. మార్కర్ ఇంకును కరిగించడానికి థిన్నర్ కంటే మంచి ద్రవం ఉండదు. రెండు నెలలకల్లా అక్షరాలు నీలం మరకగా మారిపోయాయి. పేరు పోవడం అనేది సరిగ్గా ఇలాగే మొదలవుతుంది, ఎవరూ కావాలని చెరపరు. లేబుల్‌ను పోసే వైపుకు ఎదురు వైపున అతికించి, మీద పారదర్శకమైన టేపు వేయడం రెండు నిమిషాల పని.

ఆ లేబుల్ మీద "వేస్ట్" అని మాత్రమే ఉంటే ఏమీ రాయనట్టే. ఇది ప్రమాదకర వ్యర్థం అన్న మాట, లోపల ఏముందో మామూలు భాషలో, ఏ రకం ప్రమాదమో గుర్తుతో సహా, ఏ పని నుంచి వచ్చింది, మొదటి చుక్క పడిన తేదీ, సంస్థ పేరు, ఫోన్ నంబరు ఉండాలి. తేదీ చాలా ముఖ్యం. నిల్వ గడువు లెక్క దాని నుంచే నడుస్తుంది కాబట్టి డ్రమ్ము నిండాక గుర్తు తెచ్చుకుని రాసే తేదీ పనికిరాదు.

కలపడం గురించి ఇంకాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే. వాడిన ఇంజిన్ ఆయిల్‌ను శుద్ధి చేసి మళ్లీ వాడుకోవచ్చు, దానికి కొనేవాళ్లుంటారు. అమెరికా నిబంధనల్లో ఆ ఆయిల్‌లో క్లోరిన్ లాంటి హాలోజన్లు పది లక్షల్లో వెయ్యి వంతులు దాటితే, కాదని నిరూపించుకునేదాకా, అందులో ప్రమాదకర వ్యర్థం కలిసినట్టే భావిస్తారు. వెయ్యి వంతులంటే పెద్ద అంకెలా వినిపిస్తుంది. 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ములో క్లోరిన్ ఎక్కువగా ఉన్న ద్రావకం ఒక చిన్న గ్లాసుడు పడితే ఆ గీత దాటిపోతుంది. అమ్ముకోగలిగిన 200 లీటర్లు ఎదురు డబ్బిచ్చి కాల్పించుకోవాల్సిన 200 లీటర్లు అయిపోతాయి. నీళ్లు పోసి పలచన చేస్తే ప్రమాదం తగ్గుతుందనే నమ్మకమూ ఇలాంటిదే. తగ్గదు, పారవేయాల్సిన బరువు మాత్రం పెరుగుతుంది. వేర్వేరు ప్రమాదకర వ్యర్థాలను కలపడాన్నీ, పలచన చేయడాన్నీ యూరప్ చట్టం నేరుగా నిషేధించింది. అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలు కొన్ని షరతులతో చేయవచ్చు, అంతే.

ఇది డబ్బు సంగతి. ప్రాణాల సంగతి వేరే ఉంది. లోహపు పూత వేయడానికి వాడే, సైనైడ్ ఉన్న ప్లేటింగ్ ద్రావణంలో యాసిడ్ పడితే హైడ్రోజన్ సైనైడ్ వాయువు వస్తుంది. సల్ఫైడ్ మీద పడితే హైడ్రోజన్ సల్ఫైడ్. బ్లీచ్ మీద పడితే క్లోరిన్. ఇవి చూస్తుండగానే జరిగేవి. నైట్రిక్ యాసిడ్ వ్యర్థం ఉన్న సీసాలో ఆల్కహాలో అసిటోనో పోస్తే మాత్రం మొదట ఏమీ జరగనట్టే ఉండవచ్చు. పోసిన మనిషి మూత బిగించి ఇంటికి వెళ్లిపోతాడు. లోపల ప్రతిచర్య నిదానంగా పుంజుకుని, వాయువు పెరిగి, ఎవరూ లేని గదిలో సీసా పగులుతుంది. ల్యాబుల్లో ఇది పదే పదే జరిగిన ప్రమాదం. ఆ సీసా మీద లోపల ఏముందో స్పష్టంగా రాసి ఉంటే, పోసే చెయ్యి ఒక్క క్షణం ఆగే అవకాశం ఉంటుంది.

పాత్ర ఎంపిక సంగతి క్లుప్తంగా. ఇనప డ్రమ్ములో యాసిడ్ పోస్తే అది డ్రమ్మును తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గాజునే తినేస్తుంది. అంచు దాకా నింపిన డ్రమ్ము ఎండకు ఉబ్బుతుంది, అందుకే పైన కొంత ఖాళీ వదలాలి. పాత డ్రమ్మును వాడుతుంటే మీదున్న పాత లేబుల్‌ను పూర్తిగా తీసేయాలి. రెండు పేర్లున్న డ్రమ్ము పేరు లేని డ్రమ్ము కన్నా మేలేమీ కాదు.

నిల్వకు గడువు ఎందుకు

నిల్వ చోటు ఎలా ఉండాలో చాలామందికి తెలుసు. గట్టి నేల, పైన కప్పు, డ్రమ్ముల కింద లీకును పట్టే తొట్టి లేదా గట్టు, మురుగు కాలువకు దూరం. ఆ తొట్టి అన్నింటికన్నా పెద్ద డ్రమ్ములో పట్టేదానికంటే పది శాతం ఎక్కువ పట్టాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. యాసిడ్లకూ క్షారాలకూ ఒకే తొట్టి పనికిరాదు. ప్రతి డ్రమ్మూ కనిపించేలా మధ్యలో దారి వదలాలి, వారానికి ఒకసారి ఎవరో ఒకరు తిరిగి చూసి సంతకం పెట్టాలి.

గడువు ఎందుకన్నది మాత్రం అంతగా అర్థం కాలేదనిపిస్తుంది. అమెరికాలో నెలకు వెయ్యి కిలోలు, అంతకు మించి పుట్టించేవారు 90 రోజుల్లోపు, వంద కిలోలకు మించి వెయ్యి కిలోల లోపు పుట్టించేవారు మామూలుగా 180 రోజుల్లోపు బయటికి పంపాలి. భారతదేశంలో 2016 నిబంధనలు సాధారణంగా 90 రోజులంటాయి. దీన్ని లారీ ఖర్చు పెంచే తలనొప్పిగా చూసేవారు 2019 మార్చి 21న చైనాలోని జియాంగ్సూ రాష్ట్రంలో, షియాంగ్‌షుయి దగ్గర జరిగిన పేలుడును గుర్తు చేసుకోవాలి. ఒక రసాయన కర్మాగారంలో నైట్రేషన్ (నైట్రిక్ యాసిడ్‌తో రసాయనాలను మార్చే) పని నుంచి వచ్చిన వ్యర్థాన్ని ఏళ్ల తరబడి నిబంధనలకు విరుద్ధంగా నిల్వ పెట్టారు. అది లోలోపల వేడెక్కుతూ తనంతట తాను అంటుకుని పేలింది. 78 మంది చనిపోయారు. ఆ వ్యర్థాన్ని అధికారులకు సరిగా చెప్పకుండా దాచారని దర్యాప్తులో తేలింది. లెక్కలో చూపని వ్యర్థానికి గడువు తీరే తేదీ ఉండదు. గడువు లేని వ్యర్థాన్ని ఎవరూ తీయించరు. ఆ రెండు తప్పులూ నిజానికి ఒకటే తప్పు.

అధికారుల దగ్గర నమోదు

దేశానికో పద్ధతి. అమెరికాలో నెలకు వంద కిలోలకు మించి ప్రమాదకర వ్యర్థం పుట్టించే ప్రతి స్థలానికీ 12 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. భారతదేశంలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి అనుమతి తీసుకుని, రోజువారీ రికార్డు రాసి, ఏటా జూన్ 30లోగా వార్షిక రిటర్ను దాఖలు చేయాలి. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఏడాదికి 500 కిలోలు దాటిన స్థలాలు నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. 2016 ఏప్రిల్‌లో ఆ నిబంధన తీసేశారు. దాంతో బాధ్యత తీరిపోయిందని కాదు. ప్రతి లోడుతోనూ వెళ్లే పత్రం, దాని మీద ప్రత్యేక కోడ్, రికార్డు భద్రపరచడం అలాగే ఉన్నాయి. స్థలాన్ని నమోదు చేయడం కన్నా ప్రతి కదలికనూ నమోదు చేయడమే అసలు పని అన్న అవగాహన ఆ మార్పులో కనిపిస్తుంది.

నమోదు దరఖాస్తులో సంస్థలు ఎక్కువగా చేసే పొరపాటు పరిమాణాన్ని తగ్గించి రాయడం. పరిమితి కింద ఉంటే నిబంధనలు తేలిక కదా అని ఆశ. కానీ ఒక మంచి నెల, ఒక పెద్ద ఆర్డరు, పాత స్టోర్ రూమ్ ఖాళీ చేసిన ఒక్క వారం చాలు, పరిమితి దాటడానికి. గడువు తీరిన రసాయనాల సీసాలు ఒకేసారి పారేయాలనుకున్న రోజే అవి వ్యర్థమై, ఆ నెల లెక్కలో పడతాయి. పెద్ద నెలను దృష్టిలో పెట్టుకుని నమోదు చేయించుకోవడం మంచిది. కొత్త యంత్రం, కొత్త రసాయనం, కొత్త వ్యర్థం వచ్చినప్పుడు సవరణ కోరాలి. అనుమతి పత్రంలో లేని వ్యర్థం షెడ్డులో ఉందంటే చట్టం దృష్టిలో అది దాచిపెట్టిందే.

రిజిస్టరు ఎలా మాట్లాడాలి

మంచి రిజిస్టరులో ప్రతి వరుసా ఒక డ్రమ్ము జీవితకథ. డ్రమ్ము నంబరు, మొదటి చుక్క తేదీ, ఏ పని నుంచి వచ్చింది, వ్యర్థం కోడ్, నిండిన తేదీ, తూకం, ఎక్కడ పెట్టారు, ఎప్పుడు ఎవరు తీసుకెళ్లారు, రవాణా పత్రం నంబరు, చివరికి అందినట్టు రసీదు, ఏ పద్ధతిలో వదిలించారు. ఈ చివరి రెండు గడులు ఖాళీగా ఉన్న పుస్తకాలు కొల్లలు. లారీ గేటు దాటగానే పని అయిపోయిందనుకోవడమే దానికి కారణం.

అంకెల్లో తరచూ తేడా తెచ్చేది లీటర్లు, కిలోల గొడవ. షెడ్డులో డ్రమ్మును లీటర్లలో చూస్తారు, లారీ పత్రం మీద కిలోలుంటాయి. 200 లీటర్ల టోలిన్ సుమారు 174 కిలోలు తూగుతుంది. అదే 200 లీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ అయితే దాదాపు 368 కిలోలు. డ్రమ్ముకు 200 కిలోలని కళ్లు మూసుకుని రాసేవారి రిజిస్టరు ఒకచోట 26 కిలోలు ఎక్కువా, ఇంకోచోట 168 కిలోలు తక్కువా చూపిస్తుంది. తనిఖీలో ఇది దొంగలెక్కలా కనిపిస్తుంది, ఎవరూ దొంగతనం చేయకపోయినా. తూకం యంత్రం మీద పెట్టి రాయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

లెక్క నిజమో కాదో తెలుసుకోవడానికి కొన్నదానితో పోల్చి చూడటం మంచి అలవాటు. ఒక సంస్థ నెలకు 400 లీటర్ల థిన్నర్ కొని, 40 లీటర్ల వ్యర్థ థిన్నర్ మాత్రమే రాసిందనుకుందాం. మిగతా 360 ఎక్కడ? కొంత పెయింటుతో పాటు ఆరిపోయి ఉంటుంది. కొంత తుడిచిన గుడ్డల్లో ఉంటుంది, ఆ గుడ్డలూ ప్రమాదకర వ్యర్థమే కావచ్చు, వాటిని మామూలు చెత్తబుట్టలో వేస్తున్నారేమో. కొంత మూత పెట్టని డ్రమ్ములోంచి గాలిలోకి, అంటే పని చేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుంది. కొంత కాలువలోకి పోయిందేమో. తనిఖీ కోసం కాకుండా తమ కోసం ఈ ప్రశ్న వేసుకున్న సంస్థలకు డబ్బు ఎక్కడ కారిపోతోందో కూడా తెలిసిపోతుంది. వ్యర్థం తగ్గించాలన్న ఆలోచన సాధారణంగా ఈ పేజీ దగ్గరే పుడుతుంది.

రాసేది ఎవరన్నది కూడా ముఖ్యం. డ్రమ్ము నింపేది షెడ్డులో మనిషి, రిజిస్టరు రాసేది ఆఫీసులో మనిషి అయితే మధ్యలో వారం గడుస్తుంది. ఆ వారంలో జరిగింది జ్ఞాపకం మీద, అంచనా మీద రాస్తారు. డ్రమ్ము పక్కనే ఒక అట్ట, దానికి దారంతో కట్టిన పెన్ను, పోసిన ప్రతిసారీ పోసినవాళ్లే ఏమిటి, ఎంత, ఎప్పుడు అని రాయడం, వారం చివర దాన్ని రిజిస్టరులోకి ఎక్కించడం బాగా పనిచేసే పద్ధతి. ఆ అట్ట మీద రాయాల్సింది పనివాళ్ల భాషలోనే ఉండాలి. రిజిస్టరు కాపీ ఒకటి గేటు దగ్గర ఉంచాలి. మంటలు లేచిన రాత్రి ఫైరింజన్‌తో వచ్చినవాళ్లకు మొదట కావాల్సింది లోపల ఏముందన్న సమాచారం. ఆ పుస్తకం తగలబడుతున్న ఆఫీసు గదిలో ఉండిపోతే ఎవరికీ ఉపయోగం లేదు.

గేటు దాటాక

2006 ఆగస్టులో ప్రోబో కోఆలా అనే నౌక పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్ రేవు నగరం అబిద్జాన్‌కు చేరింది. నాణ్యత తక్కువ పెట్రోలియం సరుకును కాస్టిక్ సోడాతో కడగగా మిగిలిన, ఘోరమైన వాసన కొట్టే వ్యర్థం అందులో ఉంది. అంతకుముందు నెల ఆమ్‌స్టర్‌డామ్‌లో దాన్ని మామూలు నౌకల కడుగునీళ్ల పేరుతో దించడం మొదలుపెట్టారు. వాసన చూసి, పరీక్ష చేయించి, అక్కడి సంస్థ శుద్ధికి చాలా ఎక్కువ ధర అడిగింది. నౌక వ్యర్థాన్ని వెనక్కి ఎక్కించుకుని వెళ్లిపోయింది. అబిద్జాన్‌లో కొద్ది వారాల కిందటే లైసెన్సు పొందిన ఒక చిన్న సంస్థ తక్కువ ధరకు ఒప్పుకుంది. దాదాపు 500 టన్నుల వ్యర్థం ట్యాంకర్లలో ఎక్కి, రాత్రి వేళ నగరం చుట్టూ పదికి పైగా చోట్ల, బహిరంగ ప్రదేశాల్లో పడింది. లక్ష మందికి పైగా వైద్యం కోసం ఆస్పత్రుల ముందు నిలబడ్డారు.

అక్కడ లైసెన్సు ఉంది, కాంట్రాక్టు ఉంది, కాగితాల మీద పేరూ ఉంది. ఆ పేరు అబద్ధం. తీసుకున్న సంస్థకు అలాంటి వ్యర్థాన్ని శుద్ధి చేసే శక్తి లేదు. అందుకే తీసుకెళ్లేవారి లైసెన్సు జిరాక్సు ఫైల్లో పెట్టుకోవడం ఒక్కటే చాలదు. ఆ లైసెన్సు ఈ వ్యర్థం కోడ్‌కు వర్తిస్తుందా, చివరికి ఏ కేంద్రానికి చేరుతుంది, ఆ కేంద్రానికి అనుమతి ఉందా, ఏ పద్ధతిలో వదిలిస్తారు అని అడగాలి. వీలైతే ఒకసారి వెళ్లి చూడాలి. అందరికన్నా బాగా తక్కువ ధర చెప్పారంటే ఎక్కడో ఒక మెట్టు తప్పిస్తున్నారని అనుమానించాలి. కాల్చడానికీ, విషం బయటికి కారకుండా స్థిరీకరించడానికీ అయ్యే ఖర్చు అందరికీ దగ్గర దగ్గరగానే ఉంటుంది కదా.

మానిఫెస్టు అనే రవాణా పత్రం పుట్టిందే దీనికోసం. పంపినవారు, మోసుకెళ్లినవారు, అందుకున్నవారు ఒకే పత్రం మీద సంతకం చేస్తారు, చివరి ప్రతి తిరిగి పంపినవారికి వస్తుంది. అమెరికాలో 2018 జూన్ 30 నుంచి ఇది ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ నడుస్తోంది. తిరిగి రావాల్సిన ప్రతి రాకపోతే, లేదా పంపిన తూకానికీ అందిన తూకానికీ చెప్పుకోదగ్గ తేడా ఉంటే, వెంటనే ఫోన్ చేయాలి. జవాబు తేలకపోతే అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. మౌనంగా ఉంటే ఆ తప్పులో భాగం పంచుకున్నట్టే. యూరప్‌లో ఈ రికార్డులను కనీసం మూడేళ్లు ఉంచాలి. భూమిలోకి దిగిన విషం బయటపడటానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం పట్టవచ్చు కాబట్టి, చట్టం చెప్పిన గడువు తీరిన మర్నాడే వాటిని తూకానికి వేయడం తెలివైన పని కాదు.

సరిహద్దులు దాటే వ్యర్థాలకు బాజెల్ ఒప్పందం ఉంది. 1989లో కుదిరి 1992లో అమల్లోకి వచ్చింది. అందుకునే దేశానికి ముందే రాసి, ఆ దేశం ఒప్పుకుంటేనే పంపాలన్నది దాని వెన్నెముక. 2025 జనవరి 1 నుంచి పాత ఎలక్ట్రానిక్ సామాను కూడా, ప్రమాదకరమైనా కాకపోయినా, ఈ ముందస్తు సమ్మతి కిందికి వచ్చింది. ఆ ఒప్పందం కుదరడానికి ముందు జరిగిన ఘటనల్లో కియాన్ సీ నౌకది ఒకటి. 1986లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి సుమారు 14 వేల టన్నుల చెత్త కాల్చిన బూడిదతో బయలుదేరింది. 1988 మొదట్లో హైతీ తీరంలో ఎరువు అని చెప్పి దాదాపు 4 వేల టన్నులు పోసేసింది. తరవాత నౌక పేరు కూడా మార్చారు, ఒకసారి కాదు, రెండుసార్లు. మిగతా బూడిద సముద్రంలో కలిసింది.

పేరు తెలియని డ్రమ్ము దొరికితే

ఎంత జాగ్రత్తగా ఉన్నా, పాత భవనం కొన్నప్పుడో, పాత ఉద్యోగి మానేసి వెళ్లాకో, స్టోర్ రూమ్ వెనక లేబుల్ లేని డ్రమ్ము ఒకటి బయటపడుతుంది. అప్పుడు చేయకూడని పనులు మూడు: మూత తీసి వాసన చూడటం, ఉన్నచోటి నుంచి దొర్లించడం, తెలిసిన ఇంకో డ్రమ్ములో పోసేయడం. డ్రమ్ము ఉబ్బి ఉన్నా, మూత చుట్టూ పటిక లాంటి పలుకులు కట్టి ఉన్నా దగ్గరికి ఎవరినీ పోనివ్వకూడదు. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న ఈథర్ లాంటి ద్రావకాల్లో పెరాక్సైడ్లు అనే పేలుడు గుణమున్న పదార్థాలు పేరుకుని మూత తిప్పిన రాపిడికే పేలగలవు. ఏమీ లేనట్టు కనిపించినా చుట్టూ తాడు కట్టి, దూరం నుంచి ఫొటో తీసి, పాత కొనుగోలు బిల్లులు వెతకాలి. ఆ గదిలో గతంలో ఏ పని జరిగేదో తెలిసినవాళ్లను అడగాలి. ఆ తరవాత అనుమతి ఉన్న నిపుణులను పిలిపించి శాంపిల్ తీయించాలి. ఒక్క డ్రమ్ము కోసం ఇంత ఖర్చా అనిపిస్తుంది. మొదటి రోజు ఎవరో రెండు నిమిషాలు పెట్టి లేబుల్ అతికించి ఉంటే తప్పే ఖర్చు అది.

రిపోర్టు రాకముందే ఆ డ్రమ్ముకు ఒక నంబరు ఇచ్చి రిజిస్టరులో ఎక్కించాలి. ఏమిటో తెలియదు, ఫలానా తేదీన, ఫలానా గోడ పక్కన, ఫలానా వాళ్లు చూశారు, శాంపిల్ పంపాం అని రాయాలి. రిపోర్టు వచ్చిన రోజు ఆ వరుసలోనే, కొట్టేయకుండా, కింద దాని పేరు రాయాలి.